టెక్ సందేహాలు: డేటాబేస్ ఐదు నిమిషాలకోసారి ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. 300 సెన్సర్లు రెండు సెకన్లకోసారి ఉష్ణోగ్రత పంపుతాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 12, మామూలు 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు తిరిగే) హార్డ్‌డిస్క్. మధ్యాహ్నానికల్లా డేటా బాగా వెనకబడుతోంది. పైగా ఐదు నిమిషాలకోసారి అంతా బిగుసుకుపోతోంది. ర్యామ్ 32 జీబీ చేసినా అదే వరస.

జవాబు: ర్యామ్ దండగ అనను గానీ, జబ్బు అక్కడ లేదండీ. మీ సెన్సర్ల నుంచి సెకనుకి 150 రీడింగులు వస్తున్నాయి. ఒక్కోదానికీ విడిగా కమిట్ చేస్తున్నట్టున్నారు. కమిట్ అంటే, రాసింది డిస్కు మీద పడేదాకా డేటాబేస్ ఎదురుచూడాలి. మీ డిస్కు సెకనుకి తిరిగేది 120 చుట్లు. ఒకే కనెక్షన్ నుంచి వరసగా పంపితే దాదాపు చుట్టుకొక కమిటే. 150లో 120 పోను, సెకనుకి 30 చొప్పున గంటకి 1,08,000 రీడింగులు క్యూలో మిగిలిపోతాయి. మధ్యాహ్నానికి వెనకబడక ఏం చేస్తుంది?

నా లెక్క సరే, మీరూ కొలిచి చూడండి. పోస్ట్‌గ్రెస్‌తో పాటే ‘పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్’ అనే ప్రోగ్రామ్ వస్తుంది, డిస్కు మీద సెకనుకి ఎన్నిసార్లు రాత పూర్తవుతోందో చెబుతుంది. డేటా ఉన్న డిస్కు మీదే నడపండి. వందకి అటూఇటూగా వస్తే రోగం దొరికినట్టే. ఈ డిస్కుకి వేలల్లో వస్తే మాత్రం సంబరపడకండి. క్యాష్‌లో (డిస్కులోని తాత్కాలిక మెమరీలో) పెట్టుకుని ‘రాసేశా’ అని బొంకుతోందేమో అనుమానించాలి. కరెంటు పోయిన రోజు బయటపడుతుంది.

మందు చిన్నదే. రెండు సెకన్ల రీడింగులు పోగుచేసి ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే కమిట్‌తో ముగిసే కట్టగా, వేయండి. 300 కమిట్ల చోట ఒక్కటి సరిపోతుంది. ‘ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కు మీద పడేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేసెయ్’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కరెంటు పోతే డేటాబేస్ మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. ‘సింక్రనస్ కమిట్’ ఆఫ్ చేయడం వేరు, అప్పుడు కమిట్ డిస్కు కోసం ఆగదు; దానితో చివరి సుమారు అర సెకను డేటా పోవచ్చు గానీ మిగతాది చెడదు.

ఇక ఐదు నిమిషాల సంగతి. అది చెక్‌పాయింట్, డీఫాల్ట్ గడువే ఐదు నిమిషాలు. అప్పటిదాకా మెమరీలో మారిన పేజీలన్నీ (డేటాబేస్ డేటాని దాచుకునే ముక్కలు) డిస్కుకెళ్తాయి. ఆ తర్వాత ఏ పేజీని మొదటిసారి ముట్టుకున్నా 8 కేబీ పేజీ మొత్తం లాగ్‌లోకి (మార్పులు ముందుగా రాసుకునే చిట్టాలోకి) పోతుంది. గడువు 15 నిమిషాలు చేయండి, ‘మ్యాక్స్ వాల్ సైజ్’ (ఆ లాగ్ సైజుకి పరిమితి) 1 జీబీ నుంచి 4 జీబీకి పెంచండి. మీ వెర్షన్‌లో ‘చెక్‌పాయింట్ కంప్లీషన్ టార్గెట్’ (గడువులో ఎంత భాగం మీద రాత పరచాలో చెప్పేది) 0.5 ఉంటుంది, 0.9 పెట్టండి. రాత ఒక్కసారిగా పడకుండా పరుచుకుంటుంది. సర్వర్ ఉన్నట్టుండి పడిపోతే మళ్లీ లేవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.

మార్చాక పీజీబెంచ్‌తో (పోస్ట్‌గ్రెస్ వేగం కొలిచే ప్రోగ్రామ్) కనీసం గంట పరీక్షించండి. ఒకసారి నేను రెండు నిమిషాల టెస్ట్ చూసి మురిసిపోయి, లైవ్‌లో తల పట్టుకున్నాను. అంతసేపట్లో చెక్‌పాయింటే రాలేదు మరి! సగటు ఒక్కటే చూసినా మోసపోతాం. అన్నిటికంటే నిదానమైన రాతకి ఎంత పట్టిందో చూడాలి.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ‘ఫ్లష్ లాగ్ ఎట్ కమిట్’ (లాగ్‌ని డిస్కుకి ఎప్పుడు చేర్చాలో చెప్పే సెట్టింగ్) విలువ 2 పెడితే వేగం పెరిగింది. మాది మందుల షాపు బిల్లింగ్. అలాగే ఉంచొచ్చా?

జవాబు: వద్దు, 1 లోనే ఉంచండి, అప్పుడు ప్రతి కమిట్‌కీ లాగ్ డిస్కుకి చేరుతుంది. 2 పెడితే లాగ్ డిస్కుకి చేరేది సుమారు సెకనుకోసారి. కరెంటు పోతే ఆ సెకనులో కొట్టిన బిల్లు కస్టమర్ చేతిలో ఉంటుంది, మీ లెక్కలో ఉండదు. షాపులో బిల్లులు నిమిషానికి పదో ఇరవయ్యో. దానికి 1 తో వచ్చే వేగం చాలు. యూపీఎస్ బ్యాటరీ మార్చి ఎన్నాళ్లయిందో కూడా చూసుకోండి.