ఎల్డర్ స్క్రోల్స్ 6 మీద అభిమానులకు ఆశతోపాటు అనుమానం ఎందుకు?

ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేమ్‌ల వరుసలో ఐదో భాగమైన స్కైరిమ్ 2011 నవంబరు 11న విడుదలైంది. ఆరో భాగాన్ని వీటిని తయారుచేసే బెథెస్డా సంస్థ 2018 జూన్‌లో నిమిషం కూడా లేని దృశ్యంతో ప్రకటించింది. అందులో కొండలు, తీరం, సంగీతం తప్ప మరేమీ లేవు.

ఆశకు మూలం స్కైరిమే. అసలు కథను పక్కనపెట్టి, దూరాన కనిపించే ఏ శిఖరం వైపో నడిచిపోతే దారిలో ఒక గుహ, ఒక శిథిలం, అక్కడి మనిషి గాథ ఎదురయ్యేవి. ఆ స్వేచ్ఛను అభిమానులు మార్పుచేర్పులతో నేటికీ పెంచుకుంటూనే ఉన్నారు.

అనుమానం 2023లో అదే సంస్థ నుంచి వచ్చిన అంతరిక్ష ఆట స్టార్‌ఫీల్డ్‌తో బలపడింది. వెయ్యికి పైగా గ్రహాలున్నా, వాటి నేలను ఎక్కువగా కంప్యూటరే సూత్రాల ప్రకారం అల్లడం వల్ల నడకలో ఆ ఆశ్చర్యం కరవైందని చాలామంది బాధపడ్డారు. కొత్త ఆట ఒకే ప్రాంతాన్ని చేతితో తీర్చిదిద్దితే ఈ భయం చాలావరకు తీరుతుందని నా అభిప్రాయం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి: ఇదే వరుసలోని 2002 నాటి మోరోవిండ్‌లో పాత్రకు ఉన్న బలం, తెలివి వంటి మౌలిక గుణాలను స్కైరిమ్ తొలగించింది. ఈ సరళీకరణ ఇంకా కొనసాగితే, మనం ఎలాంటి పాత్రను ఎంచుకున్నా ఆట ఒకేలా సాగిపోతుంది.