గేములు జీవిత పాఠాలు నేర్పుతాయట... నమ్మొచ్చా డాక్టర్?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. రోజూ రెండు గంటలకు పైనే వీడియో గేములు ఆడతాడు. సెలవులైతే లెక్కే లేదు. ఇక చాలురా అంటే 'గేముల వల్ల ఓపిక వస్తుంది, ఓడినా తట్టుకోవడం తెలుస్తుంది, నలుగురితో కలిసి పని చేయడం అలవాటవుతుంది' అని వాదిస్తాడు. మ్యాచ్ మధ్యలో పిలిస్తే మాత్రం అరుస్తాడు. ఈమధ్య మార్కులు కాస్త తగ్గాయి. వాడు చెప్పేదాంట్లో నిజముందా, లేక ఆడుకోవడానికి సాకా? కౌన్సెలింగ్ ఇప్పించాలా?
- ఒక తల్లి

జవాబు: మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే సగమే చెబుతున్నాడు. గేములో నేర్చుకున్నది గేములో బాగా పనికొస్తుంది. చదువులోకి, ఇంట్లోకి, స్నేహాల్లోకి అది దానంతటదే నడిచి రాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

ఇలాంటి గొడవతోనే ఒక అబ్బాయిని తల్లిదండ్రులు నా దగ్గరికి తీసుకొచ్చారు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). ఏం ఆడతావో చూపించమన్నాను. కాస్త అనుమానంగా చూసి ఫోన్ తీశాడు. తెర మీద ఒక భారీ రాక్షసుడు. వాణ్ని దాటితే గానీ తర్వాతి లెవెల్ తెరుచుకోదు. నా కళ్ల ముందే మూడుసార్లు ఓడాడు. నాలుగోసారి, 'చూడండి డాక్టర్, కొట్టే ముందు వాడి ఎడమ భుజం కొంచెం లేస్తుంది, అప్పుడే పక్కకు తప్పుకోవాలి' అన్నాడు. ఎలా కనిపెట్టావంటే, 'నిన్నంతా చస్తూనే ఉన్నా కదా' అని నవ్వాడు.

అదే అబ్బాయి బ్యాగులో లెక్కల పరీక్ష పేపరు ఉంది. మార్కులు ఎక్కడ పోయాయో చూశావా అని అడిగాను. చూడలేదట. ఇచ్చిన రోజే మడిచి పుస్తకాల అడుగున పెట్టేశాడు.

ఎందుకిలా? గేములో ఓడితే ఎవరూ తిట్టరు, ఎవరితోనూ పోల్చరు. రెండు సెకన్లలో మళ్లీ మొదలు. ఎందుకు ఓడామో అక్కడికక్కడే కనిపిస్తుంది. పరీక్షలో అలా కాదు. ఫలితం ఎప్పటికో వస్తుంది, వచ్చేసరికి చుట్టూ నలుగురుంటారు. కాబట్టి పిల్లలకు గేముల్లో అలవడేది ఖర్చు లేని ఓటమిని తట్టుకోవడం. అది కూడా చిన్న విషయమేం కాదు. ఆ రోజు పేపరు బయటికి తీయించి, 'దీంట్లో భుజం ఎక్కడ లేచిందో చూద్దాం' అన్నాను. అతనే వెతికాడు. పోయిన మార్కుల్లో సగానికి పైగా ఒకే రకం తప్పు, మైనస్ గుర్తు మర్చిపోవడం.

మీరు కూడా ఇలా ఒకసారి పక్కన కూర్చుని చూడండి. లెక్చర్ వద్దు, ప్రశ్నలు చాలు. ఓడినప్పుడు పద్ధతి మారుస్తున్నాడా, అదే పని మళ్లీ మళ్లీ చేస్తున్నాడా? తప్పు తనదంటున్నాడా, జట్టులో వాళ్ల మీదకు నెడుతున్నాడా? కలిసి పని చేయడం గురించి వాడు చెప్పే మాట ఎంత నిజమో హెడ్‌సెట్‌లో మాట్లాడే తీరు పది నిమిషాలు వింటే తెలిసిపోతుంది.

పరిశోధనల సంగతికొస్తే, మా వృత్తి మీదే జరిగిన ఒకదాన్ని గేములు ఆడేవాళ్లు తరచూ ఉదాహరణగా చూపిస్తుంటారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం కోసం అమెరికాలో 33 మంది సర్జన్లను పరీక్షించారు. గతంలో వారానికి 3 గంటలకు మించి గేములు ఆడిన వాళ్లు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) శిక్షణ పరీక్షల్లో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా ముగించారు. అయితే లాప్రోస్కోపీ అంటేనే తెర చూస్తూ చేతులు కదిలించడం, అంటే గేముకు దగ్గరి చుట్టం. పైగా చేతి నైపుణ్యం ఉన్నవాళ్లే గేములకు అలవాటుపడి ఉండొచ్చు కూడా. దీన్ని పట్టుకుని గేములాడితే ఓపిక వస్తుందనో, బాధ్యత తెలుస్తుందనో అనలేం.

అన్ని గేములూ ఒకటి కాదన్నది ఇంకో మాట. ఆలోచించి కట్టేవి, కలిసి ఆడేవి, కథ నడిపేవి నాకు పెద్దగా అభ్యంతరం లేదు. డబ్బు కట్టి 'లోపల ఏముందో' అని పెట్టెలు తెరిచేవాటితోనే టెన్షన్. ఎప్పుడు ఏది దక్కుతుందో తెలియకపోవడమే అక్కడి ఎర, లాటరీలో లాగే. బెల్జియం 2018లోనే వీటిని జూదం చట్టం కిందికి తెచ్చింది. ఫోన్‌లో చెల్లింపులకు మీ అనుమతి తప్పనిసరి అయ్యేలా సెట్ చేయండి.

ఇక మధ్యలో పిలిస్తే అరవడం. అరవడాన్ని సమర్థించను గానీ, మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపి పక్కన పెట్టడం కుదరదు. వదిలి లేస్తే జట్టు మొత్తం నష్టపోతుంది, చాలా గేములు వెళ్లిపోయిన ఆటగాడికి శిక్ష కూడా వేస్తాయి. అందుకే గడియారంతో కాకుండా మ్యాచ్‌ల లెక్కతో ఒప్పందం చేసుకోండి. 'ఇంకో రెండు మ్యాచ్‌లు, తర్వాత ఆఫ్' అని మొదలుపెట్టే ముందే అనుకోవాలి. దీంతో చాలా ఇళ్లలో సగం గొడవ తగ్గడం చూశాను.

మార్కులు తగ్గాయన్నారు. నేనైతే ముందు నిద్ర గురించి అడుగుతాను. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పడుకోవడానికి గంట ముందే ఆట ముగియాలి, ఫోన్ రాత్రంతా వాడి గది బయటే చార్జ్ కావాలి. రోజుకో గంట ఒళ్లు అలిసేలా ఏదో ఒకటి ఆడాలి. కళ్ల కోసం 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి.

కౌన్సెలింగ్ విషయానికొస్తే, మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడే అవసరం కనిపించడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లోకి వచ్చింది. కానీ దానికి గంటల లెక్క ఒక్కటే సరిపోదు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా కొనసాగించడం ఉండాలి. దానివల్ల చదువు, ఇల్లు, స్నేహాలు బాగా దెబ్బతినాలి. మామూలుగా ఇదంతా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతాం, తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే.

అలాగని ఏడాది ఆగమని కాదు. స్కూలు ఎగ్గొట్టడం, రాత్రుళ్లు దొంగచాటుగా ఆడటం, తిండి మానేయడం, ఒకప్పుడు ఇష్టపడ్డ పనులన్నీ వదిలేసి ముభావంగా ఉండటం మొదలైతే వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం ఆ రోజే. కొన్నిసార్లు గేము అసలు సమస్య కాదు, లోపలి దిగులు నుంచి దాక్కునే చోటు. వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు తేకపోయినా ఫర్వాలేదు. వారం రోజుల పాటు వాడు ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు లేచాడో ఒక కాగితం మీద రాసుకుని రండి.