తెర నిండా ఐకన్లా, మూలన మెనూనా? నా ఓటు మెనూకే

మీ ప్రశ్న: "విండోస్ నుంచి లినక్స్‌కి మారదామనుకుంటున్నాను. కొన్ని డెస్క్‌టాపుల్లో పాత తరహా మెనూ ఉంది, కొన్నింట్లో తెర నిండా ఐకన్లు పరిచే లాంచర్ ఉంది. రోజూ వాడుకోవడానికి ఏది సుఖం? ఎలాగూ సెర్చ్ ఉంది కదా, ఇక మెనూతో పనేముంది?"

మెనూయే సుఖం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కానీ మీ ప్రశ్నలో నన్ను రెచ్చగొట్టింది ఆఖరి వాక్యం. "ఎలాగూ సెర్చ్ ఉంది కదా" అనే మాట ఏళ్ల తరబడి వింటున్నాను. అనేవాళ్లెవరో గమనించండి. చేతులు కీబోర్డు మీంచి దిగనివాళ్లు, వాడే ప్రతి ప్రోగ్రామ్ పేరూ నోటికి వచ్చినవాళ్లు. వాళ్లకి నిజంగానే మెనూ అక్కర్లేదు. ఆ మాటకొస్తే ఐకన్లూ అక్కర్లేదు, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ చాలు. పేరు తెలిసినదాన్ని సెర్చ్ తెచ్చిపెడుతుంది. పేరు తెలియనిదాన్ని, అసలు ఉందో లేదో కూడా తెలియనిదాన్ని చూపించేది మెనూ. ఒకటి ఉందని రెండోదాన్ని పీకేయడం ఏం తెలివో నాకు అర్థం కాదు.

మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వ్యాసాలు రాసుకుంటూ ఉంటుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో నాకంటే వేగంగా కొడుతుంది. అందులో లినక్స్ పెట్టిచ్చింది నేనే. కింద ఎడమ మూలన మెనూ ఉండేది, ఏ గొడవా లేకుండా నడిచిపోయేది. ఒకరోజు అదే "కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటారా?" అని అడిగితే సరేనంది. ఆ సాయంత్రం ఫోను.

"ఒరే, ప్రింటు మధ్యలో ఆగిపోయింది. ఆ ప్రింటర్ల కిటికీ తెరుద్దామంటే కింద మెనూ లేదురా."

"పైన ఎడమ మూలకి వెళ్లి నొక్కు పిన్నీ."

"నొక్కా. అయ్యో, నేను రాసిందంతా చిన్నదైపోయింది! పోయిందా?"

"పోలేదు, అది అలాగే చూపిస్తుంది. ఇప్పుడు ప్రింట్ అని ఇంగ్లీషులో కొట్టు. పి, ఆర్, ఐ, ఎన్, టి."

కాసేపు చప్పుడు లేదు.

"జీగలూ అని పడింది."

"ఏంటీ?"

"జీగలూ. జీగలూ అంటే ఏంట్రా?"

"ఏమీ కాదు పిన్నీ."

"ఏమీ దొరకలేదనే ఇదీ అంటోంది. ఏమీ కానిది ఎక్కణ్ణుంచి దొరుకుతుంది మరి!"

ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పి మీద జ, ఆర్ మీద గుడి దీర్ఘం, ఐ మీద గ, ఎన్ మీద ల, టి మీద కొమ్ము దీర్ఘం. కీబోర్డు తెలుగులో ఉంది, వరసగా కొడితే జీగలూ. కాల్క్ అని కొడితే మోతమ. తెలుగులో రాసుకునే మనిషి కీబోర్డు తెలుగులోనే ఉంటుందన్న ఊహ ఆ సెర్చ్ పెట్టె చేసినవాళ్లకి ఒక్కసారైనా వచ్చి ఉంటుందా? రష్యన్ వాళ్లకీ గ్రీకు వాళ్లకీ ఇదే తిప్పలు.

భాష మార్చమన్నాను. విండోస్ గుర్తున్న కీని స్పేస్‌తో కలిపి నొక్కాలి. ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. మొదటి నొక్కుకి ఆ చిన్నదైపోయిన దృశ్యం మాయమై వ్యాసం మళ్లీ ముందుకొచ్చింది, రెండోది పోయి వ్యాసంలో ఖాళీగా పడింది. సరే, ఐకన్లలో వెతుకుదాం అన్నాను.

"ప్రింటర్ బొమ్మ కనిపిస్తోందా?"

"అన్నీ గుండ్రటి రంగు బిళ్లల్లాగే ఉన్నాయిరా."

"కింద చుక్కలున్నాయా? రెండో చుక్క నొక్కు."

"ఇక్కడా బిళ్లలే. ఒకదాంట్లో మాత్రం నాలుగు బుల్లి బొమ్మలున్నాయి."

అది ఫోల్డర్. ప్రింటర్ల కిటికీ అందులో కూర్చుంది. ఎవరు పెట్టారు? ఆవిడా పెట్టలేదు, నేనూ పెట్టలేదు. దాన్ని తెరిచాక ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను: "ఇదివరకు సిస్టమ్ అన్నదాంట్లో కింది నుంచి మూడోది కదరా, పేరెవడికి కావాలి?"

ఇదీ అసలు విషయం. ఆవిడకి తెలిసింది చోటు. మనుషులు కంప్యూటర్లో వస్తువుల్ని చోటుతోనే గుర్తుపెట్టుకుంటారు, పేరు ఆ తర్వాతే. చోటు కదిపితే ఇన్నాళ్లూ చేతికి అలవాటైనదంతా తుడిచేసినట్టే. తెర నిండా పరిచే లాంచర్ మీద నా పేచీ అదొక్కటే కాదు గానీ అన్నిటికంటే పెద్దది మాత్రం అదే.

కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే వరస జరిగిపోయే ఐకన్ల గడి అసలు మెనూ కిందే లెక్క కాదు నా దృష్టిలో. 2011 ఏప్రిల్లో గ్నోమ్ 3 అనే లినక్స్ డెస్క్‌టాప్ ఇలాంటి గడితో వచ్చింది, అదే నెలలో ఉబుంటూ అనే లినక్స్ రకం తన 11.04 వెర్షన్‌లో యూనిటీ అనే డెస్క్‌టాప్‌ని డిఫాల్ట్ చేసింది, అదే ఏడాది యాపిల్ తన మ్యాక్ వెర్షన్ లయన్‌లో లాంచ్‌ప్యాడ్ అనే ఐకన్ల గడి తెచ్చింది. మరుసటి ఏడాది విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే ఎత్తేసి తెర నిండా పలకలు పరిచింది. అందరికీ ఒకేసారి టాబ్లెట్ జ్వరం పట్టుకుంది. వేలితో తడిమే చిన్న తెరకి పెద్ద పెద్ద ఐకన్లు కావాలి, నిజమే. దాన్ని తీసుకొచ్చి మౌస్ పట్టుకున్నవాడి పెద్ద మానిటర్ మీద పరిస్తే? ఒక కాలిక్యులేటర్ తెరవడానికి నేను చదువుతున్న పేజీ మొత్తం కప్పేయాలా? అందులో అంకె చూసుకుంటూ కదా కాలిక్యులేటర్ వెతుకుతున్నాను!

తర్వాత ఏమైందో చూడండి. విండోస్ 8.1తో 2013లో బటన్ వెనక్కొచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా వచ్చింది. యూనిటీని ఉబుంటూ 2017లో వదిలేసింది. లాంచ్‌ప్యాడ్‌ని యాపిల్ 2025లో టహో వెర్షన్‌తో తీసేసింది. గ్నోమ్ 2 పోయిందని ఏడ్చినవాళ్లు ఊరుకోకుండా దాని కోడ్ పట్టుకుని మాటే (MATE) అనే డెస్క్‌టాప్ చేసుకున్నారు, లినక్స్ మింట్ వాళ్లు సినమన్ అనే డెస్క్‌టాప్ చేసుకున్నారు. జనానికి ఏం కావాలో తెలియడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? గ్నోమ్ ఇంకా ఆ దారిలోనే ఉంది కదా అంటారేమో. ఉంది. పట్టుదల ఉన్నవాళ్లు, ఏం చేస్తాం. 2020లో 3.38 వెర్షన్ నుంచి ఐకన్లని మనకి నచ్చిన వరసలో లాగి పెట్టుకోనిస్తున్నారు, అంతవరకు మెచ్చుకోవాలి.

మూల గురించి కూడా చెప్పాలి. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త 1954లోనే తేల్చాడు: గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే అంత త్వరగా అందుకుంటాం. తెర మూలకి మౌస్‌ని విసిరితే బాణం అక్కడే ఆగిపోతుంది, దాటిపోదు. కాబట్టి మూలన ఉన్న బటన్ ఎంత చిన్నదైనా గురి తప్పడం ఉండదు. తమాషా ఏంటంటే, 1995లో స్టార్ట్ బటన్‌ని మూలన పెట్టినవాళ్లే బటన్‌కీ తెర అంచుకీ మధ్య సన్నని సందు వదిలేశారు. విండోస్ 95లో సరిగ్గా మూలలో నొక్కితే ఏమీ తెరుచుకునేది కాదు! తర్వాత సరిచేశారనుకోండి. ఇప్పుడు విండోస్ 11లో మొత్తానికే బటన్‌ని మధ్యకి లాక్కొచ్చారు. మధ్యన ఉంటే ఉంది, కుదురుగానైనా ఉంటుందా అంటే, టాస్క్‌బార్‌లో ఇంకో ప్రోగ్రామ్ తెరిస్తే బటన్ కాస్త ఎడమకి జరుగుతుంది, మూస్తే మళ్లీ కుడికి వస్తుంది. మీరు విండోస్‌లోనే ఉండిపోయినా సరే, సెట్టింగుల్లోకి వెళ్లి టాస్క్‌బార్‌ని ఎడమకి తోసేయండి, సగం చిరాకు తగ్గుతుంది.

"తరచుగా వాడేవి" అని తనంతట తనే మారే జాబితా ఇంకో పీడ. మీరు నిద్రపోయాక ఎవరో వచ్చి మీ అలమర సర్ది, ఈమధ్య ఎక్కువగా వేసుకున్న చొక్కాలు పైన పెట్టిపోతున్నట్టు ఉంటుంది అది. మంచి ఉద్దేశమే. కానీ నాకు కావలసిన చొక్కా ఏ అరలో ఉందో నాకు తెలుసు, తెలియకుండా చేసింది అతనే. విండోస్ 2000లో, ఆఫీస్ 2000లో అరుదుగా వాడేవాటిని మెనూలోంచి దాచేసి కింద చిన్న బాణం గుర్తు పెట్టేవారు, గుర్తుందా? ఆ బాణం నొక్కితే దాచినవి మధ్యమధ్యలో దూరి వచ్చి వరస మళ్లీ మారేది. నాకు తెలిసిన ప్రతివాడూ మొదటి రోజే దాన్ని ఆపేసుకున్నాడు. నేను ఎంచుకున్నవి నేను పెట్టుకున్న వరసలో ఉండే "ఇష్టమైనవి" జాబితా మాత్రం ఎంత ఉన్నా మంచిదే.

సెర్చ్‌ని తిట్టడం ఇంకా పూర్తి కాలేదు. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రామ్ వెతకమంటే ఇంటర్నెట్ అంతా వెతికే విండోస్ తరహా సెర్చ్ ఎవరడిగారు? లినక్స్ కూడా పతివ్రత కాదు ఈ విషయంలో. ఉబుంటూ 12.10లో డాష్ అనే సెర్చ్ తెర తెరిచి ఏదన్నా కొడితే ప్రోగ్రాములతోపాటు అమెజాన్ సరుకులు కూడా వచ్చేవి. జనం గోల పెట్టినా 16.04 దాకా దాన్ని డిఫాల్ట్‌గా ఆపలేదు.

పేర్లు చూడండి మళ్లీ. పీడీఎఫ్ తెరిచేదాని పేరు ఓకులర్. ఫొటోలు చూసేదాని పేరు గ్వెన్‌వ్యూ. పేరుతోనే వెతకమన్నవాళ్లు పేర్లైనా తిన్నగా పెట్టాలి కదా? ఇక్కడ మాత్రం లినక్స్ మెనూ తెలివైనది. ప్రతి ప్రోగ్రాముతో పాటు ఒక చిన్న డెస్క్‌టాప్ ఫైల్ వస్తుంది. అందులో పేరు, అది చేసే పని, ఏ వర్గానికి చెందుతుంది, ఏ మాటలతో వెతికితే దొరకాలి అన్నీ రాసి ఉంటాయి. దాన్ని చదివి మెనూ తనంతట తనే ఆఫీస్, గ్రాఫిక్స్, ఇంటర్నెట్ అని సర్దుకుంటుంది. పేరు ఓకులర్ అయినా ఆఫీసులోనో గ్రాఫిక్స్‌లోనో కనబడుతుంది, పక్కన పని కూడా రాసి ఉంటుంది. విండోస్ పాత మెనూలో ఈ భాగ్యం లేదు. ప్రతి కంపెనీ తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ప్రోగ్రామొకటి, అన్‌ఇన్‌స్టాల్ ఒకటి, రీడ్‌మీ ఒకటి పడేసి పోయేది. కావలసింది దొరకాలంటే తయారుచేసిన కంపెనీ పేరు తెలియాలి. మెనూ అంటే జనం విసిగిపోయింది ఈ చెత్త వల్లేగానీ మెనూ వల్ల కాదని నా గట్టి నమ్మకం.

మెనూలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఒకటి పక్కకి తెరుచుకుంటూ పోయే మెనూలో మౌస్ కాస్త జారితే మొత్తం మూసుకుపోతుంది, మళ్లీ మొదటికి. సన్నని సందులోంచి మౌస్‌ని నడిపించడం ఎంత కష్టమో అకాట్, ఝాయ్ అనే ఇద్దరు 1997లో సూత్రం కట్టి మరీ చూపించారు. చేతులు వణికే పెద్దవాళ్లకి అది నరకం. అందుకే నేను చెప్పే మెనూ ఆ రకం కాదు. ఎడమన వర్గాలు, పక్కన వాటిలోని ప్రోగ్రాములు, పైనో కిందో సెర్చ్ పెట్టె, అన్నీ ఒకే చిన్న కిటికీలో ఉండే రకం.

పిన్ని ల్యాప్‌టాప్‌కి రెండు పనులు చేశాను. మెనూ ఉన్న డెస్క్‌టాప్ వేసిచ్చాను. ఇంకోటి, ప్రింటర్ల డెస్క్‌టాప్ ఫైల్‌ని ఆవిడ హోమ్ ఫోల్డర్లోకి కాపీ చేసి, వెతికే మాటల వరసలో జీగలూ అని చేర్చాను. ఇప్పుడు ఆ మాట కొడితే ప్రింటర్ వస్తుంది. ఆవిడ మాత్రం కింది నుంచి మూడోదే నొక్కుతుంది.

ఇక మీకు. వయసుమళ్లినవాళ్లు కూడా అదే కంప్యూటర్ వాడతారంటే మింట్ సినమన్ వేసుకోండి, విండోస్ చేతికి అలవాటైనవాళ్లకి అది తేలిక. పాత కంప్యూటరైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌లో విస్కర్ మెనూ. దాని సెట్టింగుల్లో మౌస్ ఆనగానే వర్గం మారే ఆప్షన్ ఆపేసి, నొక్కితేనే మారేలా పెట్టుకోండి, జారుడు బాధ ఉండదు. కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ అయితే మెనూ ఐకన్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రత్యామ్నాయాలు చూపించు అన్నది ఎంచుకోండి. మూడు రకాలు వస్తాయి, అందులో తెర నిండా పరిచేది కూడా ఒకటి. అది కూడా వాడి చూస్తానంటే మీ ఇష్టం, వెనక్కి రావడానికి మళ్లీ అదే రైట్‌క్లిక్. గ్నోమే కావాలనిపిస్తే, లాగిన్ తెర మీద గేరు గుర్తు నొక్కితే గ్నోమ్ క్లాసిక్ కనబడుతుందేమో చూడండి. లేకపోతే ప్యాకేజీ వేసుకోవాలి. అందులో పైన ఎడమన అప్లికేషన్స్ మెనూ వర్గాలతో సహా ఉంటుంది.