గంట కౌలుకి తీసుకున్న రేడియో

ప్రశ్న: పదేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో వెళ్లి మూడు నెలలున్నాను. వాడి పాత కారులో ఏఎం మీట నొక్కి తిప్పుతుంటే 1350 దగ్గర ఒకాయన ఊపిరి తీసుకోకుండా ఏదో మాట్లాడుతున్నాడు. స్పానిష్ అన్నాడు మావాడు. ఇంగ్లీషు దేశంలో ఆ భాషకి ప్రైవేటు స్టేషన్ ఏంటి, ఎవరు పెట్టారు, డబ్బులెక్కడివి? అప్పటినుంచీ అడగాలనుకుంటూ ఇన్నాళ్లయింది. (రాజోలు నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు)

జవాబు: మాస్టారూ, మీకు తెలియకుండానే సరిగ్గా ఆగాల్సిన చోట ఆగారు. ఆ 1350 కె.సి.ఓ.ఆర్. అనే స్టేషన్‌ది, పుట్టింది 1946లో. మెక్సికో మూలాలున్న మనిషి అమెరికాలో సొంతంగా లైసెన్సు తెచ్చుకుని, ప్రసారమంతా స్పానిష్‌లోనే నడిపిన మొదటి స్టేషన్ అది. పెట్టినాయన రవుల్ కోర్తెజ్. సి, ఓ, ఆర్ అనే మూడక్షరాలూ ఆయన ఇంటిపేరులోవే. ముందున్న కె మాత్రం సర్కారుది. కొన్ని పాత స్టేషన్లు తప్పిస్తే మిసిసిపీ నదికి పడమట ఉన్నవాటికి కె, తూర్పున ఉన్నవాటికి డబ్ల్యు అని అక్కడి లెక్క, మనం గోదావరికి ఇటు తూర్పు, అటు పశ్చిమ అనుకున్నట్టు.

అంతకుముందు స్పానిష్ రేడియో లేదా అంటే ఉంది, కాని కౌలుకి ఉంది. కౌలంటే ఏమిటో డెల్టావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. స్టేషన్ ఒక ఇంగ్లీషు ఆసామిది. తెల్లవారుజాము, అర్ధరాత్రి, ఆదివారంలో ఏదో ఒక ముక్క, ఇలా ఎవరూ ప్రకటన ఇవ్వని గంటలు కొన్ని చౌడు చేనులా పడుంటాయి. ఆ గంటల్ని ఒక స్పానిష్ మాట్లాడేవాడు ఇంతని మక్తా కట్టి తీసుకుంటాడు. పొద్దున మైకు ముందు తనే కూర్చుని, మధ్యాహ్నం కిరాణా కొట్టుకీ, బట్టల కొట్టుకీ, రొట్టెలు కాల్చే బట్టీకీ తనే తిరిగి ప్రకటనలు పట్టుకొచ్చి, మక్తా పోగా మిగిలింది జేబులో వేసుకుంటాడు. మిగలకపోతే ఆ నష్టమూ వాడిదే, ఆసామికి అక్కర్లేదు.

చిత్రమేమిటంటే ఆ చౌడు చేనే బాగా పండింది. 1920ల చివర్లో లాస్ ఏంజలెస్ పక్కన బర్‌బాంక్‌లో కె.ఇ.ఎల్.డబ్ల్యు. అనే స్టేషన్‌లో పెద్రో గొన్సాలెస్ అనే ఆయనకి తెల్లవారుజాము నాలుగు నుంచి ఆరు దాకా ఇచ్చారు. ఆ వేళప్పుడు ఎవడు వింటాడనేగా వాళ్ల ధీమా? తోటల్లో పండ్లు కోసేవాళ్లూ, ఇటుకబట్టీలవాళ్లూ, రోడ్డు పనివాళ్లూ మేలుకుని ఉండేది ఆ వేళే! నాట్ల రోజుల్లో మన ఊళ్లో నాలుగింటికి ఎన్ని ఇళ్లలో లైటు వెలుగుతుందో చూసినవాడెవడైనా చెప్పగలడు ఈ మాట. ఆయన జట్టు పేరు లాస్ మద్రుగదోరెస్, అంటే తెల్లారకుండా లేచేవాళ్లు. పాటల మధ్యలో ఎక్కడ పని దొరుకుతుందో చెప్పేవాడు, మెక్సికన్లని పట్టి రైళ్లెక్కించి పంపేస్తున్న ఆ రోజుల్లో అది అన్యాయమని కూడా చెప్పేవాడు. అంతకుముందు మెక్సికో విప్లవంలో పాంచో విల్లా అనే తిరుగుబాటు నాయకుడి దగ్గర టెలిగ్రాఫ్ పని చేసినవాడు కదా, భయం తక్కువ. 1934లో ఒక అత్యాచారం కేసు పెట్టి జైల్లో వేశారు, ఆ అమ్మాయి తర్వాత తను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నా వదల్లేదు. 1940లో బయటికొదిలి దేశం దాటించేశారు. కౌలుదారుడికి గట్టు మీద హక్కు లేదనడానికి ఇంతకంటే ఏం చెప్పను.

కోర్తెజ్ కూడా అలా కౌలుదారుడిగా మొదలైనవాడే. వెరాక్రూజ్‌లో పుట్టి, శాన్ ఆంటోనియోలో ఒక స్పానిష్ పేపర్‌కి విలేకరిగా రాసి, పెర్ల్ అనే బీరు కంపెనీకి సేల్స్‌మన్‌గా తిరిగి నాలుగు డబ్బులు వెనకేసి, కె.ఎం.ఎ.సి. అనే స్టేషన్‌లో గంటలు కొనుక్కుని అమ్ముకున్నాడు. ఆయనకి చేను కొనాలని ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజులు, కొత్త స్టేషన్‌కి అనుమతి దొరకడం కష్టం, అందుకని స్పానిష్ మాట్లాడేవాళ్లని యుద్ధానికి సాయంగా కూడగడతానని దరఖాస్తులో రాశాడంటారు. లౌక్యమంటే అదీ! 1955లో అదే పేరుతో టీవీ పెట్టాడు, ఛానల్ 41. ఊళ్లో చాలా సెట్లకి అంత పై నంబరు ఛానల్ అందక నష్టపోయి 1961లో అమ్మేశాడు. కొన్నవాళ్లలో ఆయన అల్లుడు ఎమీలియో నికోలస్ కూడా ఉన్నాడు. ఆ మొక్కే పెరిగి 1987లో యూనివిజన్ అని పేరు మార్చుకుంది. ఇవాళ అమెరికాలో స్పానిష్ టీవీ అంటే ముందుగా చెప్పే పేర్లలో అదొకటి. దానికి అంటు కట్టింది మీరు కారులో విన్న రేడియోకే.

ప్రశ్న: రోజంతా ఏం వేస్తారండీ అందులో? మా చిన్నప్పుడు విజయవాడ స్టేషన్‌లో భక్తిరంజని, పాడిపంటలు, ఆదివారం ఉషశ్రీ గారి రామాయణం, ఇలా ఏ వేళకి ఏదో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. (పాలకొల్లు నుంచి ఒక గృహిణి)

జవాబు: వాళ్లకీ అంతేనమ్మా, కాకపోతే మన పట్టికని ఆకాశవాణి వేసింది, వాళ్ల పట్టికని వినేవాళ్ల పనివేళలు వేశాయి. తెల్లారకుండా పొలానికీ ఫ్యాక్టరీకీ వెళ్లేవాళ్ల కోసం హుషారు పాటలు, గడియారం, వాతావరణం. టెక్సాస్ అయితే అందులో అకార్డియన్ తప్పనిసరి. ఆ వాయిద్యం అక్కడ స్థిరపడ్డ జర్మన్లూ చెక్‌లూ తెచ్చింది, మెక్సికన్లు దాన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. మన పద్యనాటకాల్లో హార్మోనియం సంగతీ అదేగా, అది యూరప్ సరుకంటే ఇప్పుడెవరు ఒప్పుకుంటారు!

మగవాళ్లు పనికి వెళ్లాక ఇంట్లో ఉన్న ఆడవాళ్ల కోసం రేడియో సీరియళ్లు. వీటికి పుట్టిల్లు క్యూబా రాజధాని హవానా. అక్కడి చుట్టల ఫ్యాక్టరీల్లో ఆకు చుట్టేవాళ్లకి విసుగు రాకుండా ఒకాయన ఎత్తు కుర్చీలో కూర్చుని పేపరూ నవలలూ పైకి చదివేవాడు, చెవితో కథ వినే అలవాటు అప్పటిదే. తర్వాత సబ్బుల కంపెనీలు దిగాయి, ఏడుపు కథల మధ్యలో సబ్బు ప్రకటనలు. 1948లో హవానాలో సి.ఎం.క్యూ. స్టేషన్ మొదలుపెట్టిన ఒక సీరియల్ అయితే స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటికీ పాకింది. మన టీవీ సీరియళ్లలో పుట్టగానే మారిపోయిన పిల్లలూ, నిజం తెలిసినా నోరు విప్పలేని ముసలమ్మలూ కనిపిస్తే ఆ హవానా వాళ్లకి దూరపు చుట్టాలే అనుకోండి.

సాయంత్రం వార్తలు, ఆటలు. ఇక్కడొకటి చెప్పకుండా ఉండలేను. లాస్ ఏంజలెస్‌లో కె.డబ్ల్యు.కె.డబ్ల్యు. అనే స్టేషన్ 1958లో డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు మ్యాచ్‌లు స్పానిష్‌లో మొదలుపెట్టింది. అక్కడ హైమే హరీన్ అనే న్యూస్ రీడర్ ఉండేవాడు, దేశం ఎక్వడార్, అక్కడ ఫుట్‌బాల్ తప్ప బేస్‌బాల్ ఊసే లేదు. ఏడాది పాటు ఆట నేర్చుకుని 1959లో కామెంటరీకి కూర్చున్నాడు. బయటి ఊళ్లలో మ్యాచ్‌లకి వీళ్లని పంపడానికి డబ్బులుండేవి కావు. అందుకని స్టూడియోలోనే హెడ్‌ఫోన్లో విన్ స్కల్లీ ఇంగ్లీషు కామెంటరీ వింటూ, రెండు క్షణాలు వెనకగా స్పానిష్‌లో చెప్పేవాడు. జనం అరుపులూ, బ్యాటుకి బంతి తగిలిన చప్పుడూ టేపు మీంచి వేసేవాళ్లు. వినేవాడు మాత్రం స్టేడియంలో కూర్చున్నట్టే ఊగిపోయేవాడు. ఆ మనిషి 2022 దాకా అదే ఉద్యోగంలో ఉన్నాడు, 1981లో డాడ్జర్స్‌లో బంతి విసిరే ఫెర్నాందో వలెన్సువెలా అనే మెక్సికన్ కుర్రాడు అమెరికాని ఊపేసినప్పుడు విలేకర్లకి దుబాసీ కూడా ఈయనే.

వీటన్నిటికంటే ఆ స్టేషన్లని బతికించింది పేర్లు చదవడం అని నా నమ్మకం. ఫలానా వీధి ఫలానా ఆవిడకి పుట్టినరోజు, వాళ్లాయన ఈ పాట వేయమన్నాడు, ఫలానా వాళ్లింట్లో పెద్దాయన పోయాడు, ఫలానా చోట ఇద్దరు మేస్త్రీలు కావాలి. నేను ఆరో తరగతిలో ఉండగా మన స్టేషన్లలో ఒకదానికి (ఏదో చెప్పను) పాట కోరుతూ కార్డు రాశాను. నెల తర్వాత చదివారు, ఊరి పేరు సరిగ్గా చదివి నా పేరు మాత్రం ఆడపిల్ల పేరు చేసేశారు. మా ఇంటిముందు అరుగు మీద పదిహేనుమంది విన్నారు. ఆ పేరుతోనే ఇంటర్ దాకా పిలిచారు నన్ను. అయినా ఊరి పేరు రేడియోలో వచ్చిందని మా తాతయ్య రెండు రోజులు తలెత్తుకుని తిరిగాడు.

ప్రశ్న: మరి మనకెందుకు లేవు ప్రైవేటు ఏఎం స్టేషన్లు? తెలుగువాళ్లం డబ్బు లేనివాళ్లమా? (కాకినాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: డబ్బు కాదు బాబూ, చట్టం. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చాక మీడియం వేవ్ (మీరు ఏఎం అంటున్నది ఇదే) ఆకాశవాణిదే. వ్యాపార ప్రకటనలు కూడా 1967లో వివిధభారతిలో మొదలయ్యాయి. అంతకుముందు ప్రకటనలతో సినిమా పాటలు వినాలంటే సముద్రం అవతల సిలోన్ పట్టాలి, తెలుగు పాటలకీ అదే దిక్కు. ప్రైవేటు వాళ్లకి 2001 నుంచి ఎఫ్ఎం మాత్రం ఇచ్చారు, సొంత వార్తలు చెప్పకూడదన్న షరతుతో. అంటే మన ప్రైవేటు రేడియోకి పాటా, కబుర్లూ ఉన్నాయి గాని నోరు సగమే ఉంది. గొన్సాలెస్ లాంటివాడు ఇక్కడ మైకు ముందు కూర్చుంటే మర్నాడే తీసేసేవాళ్లు.

అయితే అమెరికా వెళ్లిన మనవాళ్లు సరిగ్గా స్పానిష్ వాళ్ల దారే పట్టారు. గంటలు కౌలుకి తీసుకుని, ఇండియన్ కిరాణా కొట్టు, ఇన్సూరెన్స్, రియల్ ఎస్టేట్ ప్రకటనలు పట్టుకుని తెలుగు పాటలు వేసుకున్నారు. శాన్ హోజే దగ్గర 1170 ఏఎం ఒకప్పుడు స్పానిష్‌లో నడిచిన స్టేషన్, తర్వాత మన దేశంవాళ్ల భాషల్లోకి మారి దేశీ 1170 అయింది. కౌలుదారు మారాడు, చేను అదే.

ప్రశ్న: మా నాన్న మీడియం వేవ్ సెట్టు ఇంకా పనిచేస్తోంది. రాత్రుళ్లు రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాను. ఆ స్పానిష్ స్టేషన్లు మన దగ్గర పడతాయా? ఏరియేటర్లు వేస్తే గరగర తప్ప ఏమీ రావట్లేదు. (భీమవరం దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: టెక్సాస్ పడదు, ఆశ వదిలేయండి. మీడియం వేవ్ దూరం వెళ్లేది చీకట్లోనే, పగలు ఎండకి ఆకాశంలో ఏర్పడే ఒక పొర దాన్ని మింగేస్తుంది, పొద్దుగూకాక ఆ పొర పోయి పైనున్న పొరకి తగిలి దూరంగా పడుతుంది. మీకు రాత్రి తొమ్మిదైతే వాళ్లకి పొద్దున తొమ్మిదిన్నరో పదిన్నరో, దారిలో సగం ఎండే. చీకటి కలిసొస్తే ఎంత దూరమంటే, 1930ల్లో బ్రింక్లీ అనే ఒక మేక వృషణాల వైద్యుడు (నిజంగానే, మగతనానికి మేకవి అతికించేవాడు) అమెరికా లైసెన్సు పోతే సరిహద్దు దాటి మెక్సికోలో విల్లా అకూన్యాలో స్టేషన్ పెట్టాడు. అమెరికాలో 50 కిలోవాట్లు మించకూడదని రూలుంటే అతను 500 దాకా వెళ్లాడు, కెనడా దాకా వినపడేది. మెక్సికో నేల మీంచి ఇంగ్లీషు, అమెరికా నేల మీంచి స్పానిష్, గాలికి సరిహద్దేముంది!

ఇంకో తమాషా. మీది అంకెలు కనపడే సెట్టయితే మన దేశంలో 9 చొప్పున గెంతుతుంది, అమెరికాలో 10 చొప్పున. మాస్టారి 1350 రెండు లెక్కల్లోనూ పడుతుంది, 1170 కూడా, హరీన్ పనిచేసిన స్టేషన్ ఇప్పుడుండే 1330 మాత్రం మన సెట్టులో కనపడనే కనపడదు. ముల్లు సెట్టుకి ఈ గొడవ లేదు.

గరగరకి కారణం మోటార్లూ, వాటి వైరింగూ. అమెరికాలో ఇదే పెద్ద గొడవైంది, ఎలక్ట్రిక్ కార్ల మోటారు చప్పుడు ఏఎంలో వస్తోందని కొన్ని కంపెనీలు కారులోంచి ఏఎం తీసేస్తామన్నాయి, అన్ని కార్లలో ఉండి తీరాలని 2023లో వాళ్ల కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. పాటలు ఎప్పుడో ఎఫ్ఎంకి పోయాయి, ఏఎంలో మిగిలింది మాటలూ, ఆటలూ, ప్రార్థనలూ. 2022లో యూనివిజన్ వాళ్లు 18 స్టేషన్లని 60 మిలియన్ డాలర్లకి అమ్మేశారు, మయామీలో ఉండే క్యూబా వాళ్ల రేడియో మాంబీ కూడా అందులో పోయింది.

మీరు మాత్రం సెట్టుని కరెంటు స్తంభానికీ, ఏరియేటర్ పెట్టెకీ దూరంగా గట్టు చివరికి పట్టుకెళ్లండి, కరెంటు తీసేసి బ్యాటరీ సెల్లులతో నడపండి, 837 మీద విజయవాడ పెట్టి సెట్టుని బల్ల మీద మెల్లగా గుండ్రంగా తిప్పండి. లోపల నల్ల కడ్డీ ఒకటి ఉంటుంది, అది ఒక వైపు తిరిగినప్పుడు గొంతు పెరుగుతుంది, ఇంకోవైపు తిరిగితే గరగర తగ్గుతుంది, రెండూ కుదిరిన చోట సుద్దతో గీత గీసుకోండి.