నాన్నగారి పుస్తకాలు తూకానికి వేయాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటాం. మా నాన్నగారు తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, రెండేళ్ల క్రితం పోయారు. ఇల్లు అమ్మేటప్పుడు తమ్ముడు ‘అక్కా, పుస్తకాలన్నీ నువ్వే తీసుకెళ్లు, ఆ పిచ్చి నీకేగా’ అన్నాడు. పద్నాలుగు అట్టపెట్టెలు. సగం బాల్కనీలో, సగం మంచం కింద ఉన్నాయి. నావి ఇంకో రెండు బీరువాలు. అమ్మాయికి ఈ ఏడు ఇంటర్ సెకండియర్, టేబుల్ వేసుకోవడానికి జాగా లేదు. ‘సంక్రాంతిలోపు తీస్తావా, పాత పేపర్ల వాణ్ణి పిలవమంటావా’ అంటున్నారు మా ఆయన. ఆ మాట వింటేనే ఏడుపొస్తోంది. ఇంతా చేసి నేను ఒక పుస్తకం పూర్తిగా చదివి ఏళ్లయింది. రెండు పేజీలు తిప్పేసరికి చేతిలోకి ఫోన్ వచ్చేస్తోంది. ఏం చేయను?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు మీ ఆయన సంగతి. ఆ మాట మొరటుగా ఉంది, కాదనను. కానీ ఆయన రెండేళ్లు ఊరుకున్నారు, ఇప్పుడడుగుతున్నది కూడా కూతురికి ఒక టేబుల్ పట్టేంత జాగా. మీకేమో అది నాన్నగారిని బయటపెట్టమన్నట్టు వినిపిస్తోంది. ఆ సంగతి ఆయనకి తెలిసి ఉండదు, నోరు తెరిచి చెప్పండి. చెప్పేటప్పుడు ‘ఫలానా తారీఖుకి బాల్కనీ ఖాళీ అవుతుంది’ అని ఒక మాట ఇవ్వండి, సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

మీ ఉత్తరంలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకటి. పెట్టెలెన్నో రాశారు, ఎక్కడున్నాయో రాశారు, వాటిలో ఏ పుస్తకం ఉందో ఒక్కటీ రాయలేదు. అంటే ఇప్పటిదాకా విప్పలేదన్నమాట. విప్పితే ఏమవుతుందోనన్న భయం వల్లే ఆ టేపు అలాగే ఉండిపోయిందని నా అనుమానం. రెండేళ్లుగా మీరు కాపలా కాస్తున్నది అట్టపెట్టెలకి, పుస్తకాలకి కాదు.

అన్నేళ్లు తెలుగు చెప్పిన మాస్టారి ఇంట్లో ఏం పోగవుతాయో మీకు నేను చెప్పాలా. ప్రచురణకర్తలు ఊరికే ఇచ్చిన స్పెసిమెన్ కాపీలు, సిలబస్ మారిపోయిన వాచకాలు, గైడ్లు, సభల సావనీర్లు, పాత పంచాంగాలు, శిష్యులు అభిమానంతో తెచ్చిచ్చిన సొంత కవితా సంపుటాలు. నాన్నగారు వీటిలో లేరు. మొదటి పేజీలో సంతకం చేసి, తారీఖు వేసి, కింద ‘తెనాలి’ అని రాసుకున్న పుస్తకంలో ఉన్నారు. పద్యం పక్కన పెన్సిల్‌తో ప్రతిపదార్థం రాసిన మార్జిన్లో ఉన్నారు. వారపత్రికల్లోంచి సీరియల్ వారంవారం చించి దాచి, అన్నీ అయ్యాక బైండు చేయించి, వీపు మీద ఇంకుతో పేరు రాసినవి ఉంటాయి చూడండి, అందులో ఒక వారం పేజీ దొరక్క మధ్యలో తెల్లకాగితం పెట్టి, జరిగిన కథ తన చేత్తో రాసుకునేవాళ్లు కొందరు. అలాంటిది కనిపిస్తే ఎవరేమన్నా ఇవ్వకండి. ఏరితే ఇవన్నీ కలిపి ఒక చిన్న బీరువాలో పట్టేస్తాయి. మిగతా పెట్టెలు నాన్నగారు కావు.

బాల్కనీ పెట్టెలతో మొదలుపెట్టండి, ఈ ఆదివారమే. రెండు వానాకాలాలు చూసిన అట్టపెట్టెలవి, చెమ్మ పట్టి ఉంటాయి. అడుగున మట్టి చారలు కనిపిస్తే చెదలు పట్టినట్టే. ఆ పుస్తకాలని ఇంట్లోకి తేవద్దు, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి బయటికి పంపేయండి, జాలిపడితే మంచం కోళ్లు కూడా పోతాయి. బాగున్నవాటిని నీడలో గాలికి ఆరబెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పడేస్తే అసలే గోధుమరంగుకి తిరిగిన పాత న్యూస్‌ప్రింట్ కాగితం మడతల దగ్గర విరిగి చేతిలోకొస్తుంది. కలరా ఉండలు అమ్మాయి పడుకునే గదిలో పెట్టకండి, ఆ వాసన పీల్చడం మంచిది కాదు.

సర్దేటప్పుడు పుస్తకం తెరవకూడదు, తెరిస్తే అక్కడే కూర్చుండిపోతాం అంటారు కదా అందరూ. నేను మీకు తెరవమనే చెబుతాను. రోజుకొక్క పెట్టే విప్పండి, ఏ పేజీ దగ్గర ఆగాలనిపిస్తే అక్కడే నేల మీద కూర్చుని చదవండి, కూర గిన్నె మాడినా పర్లేదు. చదువు మళ్లీ అంటుకోవాలంటే ఇంతకన్నా మంచి వేళ దొరకదు. టైమ్‌టేబుల్ వేసుకుని ‘రోజూ ఇరవై పేజీలు’ అనుకుంటే నాలుగోరోజుకే టెన్షన్ మొదలవుతుంది.

ఇక మిగతావి ఎక్కడికి? సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. తెనాలి వైపే ఇద్దామనిపిస్తే చీరాల దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం, 1918లో పెట్టిన గ్రంథాలయం. ఆటోలో వేసుకుని నేరుగా వెళ్లిపోకండి. పేర్లు, అచ్చయిన సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి ముందు ఫోన్ చేసి అడగండి. చాలావాటికి ‘మా దగ్గరున్నాయి’ అంటారు, చిన్నబుచ్చుకోవద్దు, వాళ్లకీ జాగా సమస్యే. వాళ్ల కళ్లు మెరిసేది ఎక్కువగా పాత పత్రికల సంచికలకి. 1924లో మొదలై 1991లో ఆగిపోయిన ‘భారతి’ లాంటివి నాన్నగారి దగ్గరుంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. నవలల్లాంటివి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లు తీసుకుంటారు, ధర మాత్రం మీకు కోపం తెప్పించేలా ఉంటుంది. గైడ్లు, పాత వాచకాలు తూకానికే. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం కాబట్టి చెయ్యి రాదు, తెలుసు. అయినా 1990ల నాటి టెన్త్ గైడు ఇవాళ ఏ పిల్లకీ పనికిరాదు, వేసేయండి.

మీ రెండు బీరువాల గురించి ఎందుకో గబగబా దాటేశారు. అసలు కత్తెర అక్కడ వేయండి. ఏటా బుక్ ఫెయిర్‌కి వెళ్లి, డిస్కౌంట్ చూసి, ‘ఇది చదవకపోతే ఎలా’ అని కొని, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పెట్టినవి ఎన్ని ఉంటాయో! తలుపు తీసిన ప్రతిసారీ అవి బాకీ అడిగేవాళ్లలా నిలబడితే ఎవరికైనా ఫోన్ పట్టుకోవాలనే అనిపిస్తుంది. ఇప్పుడు నిజంగా చదవాలనిపించేవి ఉంచి మిగతావి స్నేహితురాళ్లకి పంచండి. మీకు పదిహేనేళ్లప్పుడు అన్నం కంచం పక్కన పెట్టుకుని చదివిన డిటెక్టివ్ నవలలో, వీక్లీ సీరియళ్లో ఉంటాయి కదా, వాటితో మొదలుపెట్టండి. కావ్యాలు తర్వాత చూడొచ్చు, అసలు చూడకపోయినా ఫర్వాలేదు. నాన్నగారు చదివినవన్నీ మీరు చదివి తీరాలని ఆయన ఏ పేజీలోనూ రాసి ఉండరు.

అన్నట్టు, కళ్లు చూపించుకున్నారా? 47 ఏళ్లంటున్నారు. ఈ వయసుకి దాదాపు అందరికీ చత్వారం వచ్చేస్తుంది. ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు, వెలుతురూ దానిలోనే ఉంటుంది. పాత పాకెట్ నవలలో ఆ చిన్న టైపు, మసక ఇంకు చూసేసరికి రెండు పేజీలకే నొసలు లాగుతుంది, మనమేమో ఆసక్తి పోయిందనుకుంటాం. ముందు అద్దాలు వేయించుకోండి, తర్వాత మిమ్మల్ని మీరు తిట్టుకుందురుగాని. చదివేటప్పుడు ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టేయండి.

ఒకవేళ పుస్తకాలే కాదు, వంటా, పాటలూ, మనుషులూ ఏవీ రుచించకపోతే, నిద్ర సరిగ్గా పట్టకపోతే, పెట్టె దగ్గరికి వెళ్తేనే గుండె దడగా ఉంటే, అది దుఃఖం లోపల నిలవ ఉండిపోవడం. బీరువా సర్దితే పోయేది కాదు. దగ్గర్లో ఉన్న కౌన్సెలర్‌నో సైకియాట్రిస్టునో కలవండి, ఆలస్యం చేయకండి.

అమ్మాయిని మాత్రం ‘తాతయ్య పుస్తకాలు, నువ్వూ చదువు’ అని పరీక్షల ముందు వెంటపడకండి. తన టేబుల్ వేసి, దాని మీద పుస్తకాలేవీ పేర్చకుండా వదిలేయండి. పెట్టెల్లో చందమామలు గనక ఉంటే, తమ్ముణ్ణి అడగకుండా ఎవరికీ ఇచ్చేయవద్దు. ‘అన్నీ నువ్వే తీసుకెళ్లు’ అన్నవాళ్లే సంక్రాంతికొచ్చి ‘నా చందమామలేవక్కా’ అంటారు.