టీకా వేయించినా గాలికుంటు వచ్చింది, వైరస్ మారిందా?

ప్రశ్న: నాలుగు నెలల కిందట మా పశువులకు గాలికుంటు టీకా వేయించాం. అయినా రెండింటికి నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, చొంగ. ఒకటి ఎనిమిది నెలల పెయ్య. రెండోది ఆ తర్వాత సంతలో కొన్న ఆవు, టీకా వేయించానని అమ్మినాయన చెప్పాడు. వైరస్ రూపం మార్చుకుంది, ఇక టీకాలు దండగ అంటున్నారు. నిజమేనా?
– పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: వైరస్ మారుతుందన్న మాట నిజమే. కానీ జబ్బు పడ్డ రెండింటినీ చూస్తే నా అనుమానం వేరే వైపు పోతోంది.

గాలికుంటుది ఆర్ఎన్ఏ వైరస్. తన నకళ్లు తీసుకునేటప్పుడు దొర్లిన తప్పుల్ని దిద్దుకోలేదు. ఆ తప్పు పైతొడుగు మీద పడితే, దాన్ని పట్టుకోవాల్సిన యాంటీబాడీలకు (ఒంట్లో తయారయ్యే రోగనిరోధక ప్రొటీన్లకు) పట్టు జారుతుంది. మన దేశంలో తిరిగే రకాలు ‘ఓ’, ‘ఏ’, ‘ఏషియా-1’. ‘ఓ’ రకం వచ్చి తగ్గిన ఆవుకు ‘ఏ’ రకం నుంచి రక్షణ ఉండదు, అందుకే టీకాలో మూడూ కలుపుతారు. ఒకే రకంలోనూ తేడాలొస్తాయి. పైతొడుగులో ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ఇటుక లాంటిది) ఊడిన ‘ఏ’ రకం తెగ ఒకటి 2000 తర్వాత మన దగ్గర ప్రబలింది. తర్వాత టీకాలో వాడే ‘ఏ’ వైరస్‌నే మార్చారు. మీ దగ్గరిది ఏ రకమో ఊరి మాటతో తేలదు. పుండు మీది పొర తీసి పరీక్షకు పంపమని మీ పశువైద్యుణ్ణి అడగండి. రకం తేల్చే ఆ పరీక్ష (టైపింగ్) భువనేశ్వర్‌లోని జాతీయ సంస్థలో చేస్తారు.

ఇక మీ పెయ్య. నెల తర్వాత బూస్టర్ (రెండో మోతాదు) వేయించారా? ఆ సంగతి రాయలేదు. మొదటి టీకాకు పుట్టే యాంటీబాడీలు కొద్ది, త్వరగా తగ్గిపోతాయి. బూస్టర్ పడితే, మొదటి టీకాను గుర్తుంచుకున్న జ్ఞాపక కణాలు లేచి ఎక్కువగా, గట్టి పట్టున్నవి తయారుచేస్తాయి. కొద్దిగా మారిన వైరస్‌ను కూడా అవే నిలువరించగలవు. దూడకు నాలుగో నెలలో మొదటి టీకా, నెలకు బూస్టర్, ఆపైన ఆర్నెల్లకోసారి. మరీ ముందే వేస్తే జున్నుపాలతో వచ్చిన తల్లి యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు.

సంత ఆవుకు మాటే తప్ప రుజువు లేదు. చెవి ట్యాగు నంబరుతో టీకా నమోదు చూపించుకోండి. కొత్త పశువును మూడు వారాలైనా విడిగా కట్టేయాల్సింది.

ఇప్పుడు ఆ రెండింటినీ వేరు చేయండి. లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లతో నోరు, గిట్టలు కడిగి, నోటికి బోరిక్ గ్లిజరిన్ రాయండి. మెత్తటి మేత, జావ పెట్టండి. కొట్టాన్ని లీటరు నీటికి 40 గ్రాముల బట్టల సోడా కలిపి కడగండి. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పుండ్లలో చేరే బ్యాక్టీరియా కోసమే. అది డాక్టరు చెబితేనే. జబ్బు పడ్డవాటికి ఇప్పుడు టీకా వేయించొద్దు.