కౌబాయ్స్ ఎవర్ని తీసుకోవాలి? బంతి ముట్టుకోని కుర్రాణ్ణి

మీరు అడిగింది ఇది: డాలస్‌కి వచ్చి ఏడాదైంది, ఏప్రిల్ వస్తే చాలు ఆఫీసులో అందరూ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేచోట, మన డాలస్ టీమ్ కౌబాయ్స్ ఏ కుర్రాణ్ణి తీసుకోవాలా అని కొట్టుకుంటున్నారు, నిజానికి ఎవర్ని తీసుకోవాలి, అభిమానుల మాటకు విలువేమైనా ఉందా అని.

మొదటిదానికి జవాబు సులువు. ఆఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి ఉన్నవాడి ముందు అడ్డుగోడలా నిలబడే వరుసలో, ఆడేవాణ్ణి తీసుకోవాలి. ఏ ఏడాదైనా, ఎన్నో పిక్ (ఎంచుకునే వంతు) అయినా సరే. మూడు వందల పౌండ్ల పైన ఉంటాడు, బంతి ముట్టుకోడు, వాడి పేరుతో జెర్సీ కొనమని పిల్లలెవరూ మారాం చెయ్యరు. వాణ్ణే తీసుకోవాలి. మిగతా చర్చంతా కాలక్షేపం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2014లో నేను ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్‌లో ఉండేవాణ్ణి. కౌబాయ్స్ 2016లో ఫ్రిస్కోకి మారకముందు వాళ్ల ఆఫీసు, ప్రాక్టీసు మైదానం అన్నీ అక్కడే ఉండేవి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సగం మనవాళ్లే. సాయంత్రం నడకకు వెళ్తే ఆ కాంపౌండు దగ్గర్నుంచే వెళ్లేవాళ్లం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అదేమిటో కూడా తెలీదు, ఏదో స్కూలు గ్రౌండు అనుకునేవారు. ఆ ఏడాది డ్రాఫ్ట్ మే 8, గురువారం. అంటే టీమ్ ఓనరు జెర్రీ జోన్స్ కూర్చుని ఎవర్ని తీసుకోవాలో తేల్చుకునే గది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. మేమేమో ఇక్కడ టీవీ ముందు, ఆయన మా సలహా కోసమే ఎదురుచూస్తున్నట్టు అరుచుకుంటున్నాం.

మా కింది ఫ్లాట్‌లో నెల్లూరు జిల్లా కావలి నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్ చేశాడు. ఆ కాలేజీ వాళ్ల సంగతి మీకూ తెలిసే ఉంటుంది, చదువు అయిపోయినా మెరూన్ రంగు వదలరు. వీడు చదివే రోజుల్లోనే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జానీ మాన్జెల్ ఫ్రెష్‌మన్‌గా, కాలేజీ ఆటగాళ్లలో మేటికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ కొట్టాడు, అలబామాని వాళ్ల ఊళ్లోనే ఓడించాడు. ఇక చెప్పేదేముంది. "అన్నా, ఈసారి జానీ మనకే. రాసిపెట్టుకో" అని వారం ముందు నుంచీ మెట్ల మీద కనిపించినప్పుడల్లా అదే మాట. ఆ రాత్రి మా ఇంట్లో ప్లేటులో పులిహోర పెట్టించుకుని, కౌబాయ్స్ పిక్ అయ్యేదాకా తిననని పక్కన పెట్టాడు.

ఇంకొకాయన మా టీమ్‌లోనే పనిచేసే తమిళాయన. ఆయనది డిఫెన్స్ పార్టీ. అందులో అర్థముంది, 2013లో ఎదుటివాళ్లకి వదిలేసిన యార్డుల లెక్కన లీగ్ మొత్తానికీ చిట్టచివరి డిఫెన్స్ మనదే. మూడో మనిషి మా మేనేజరు, టెక్సస్‌లోనే పుట్టి పెరిగినవాడు, పడగొట్టేసిన పాత స్టేడియంలో చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఆటలు చూసినవాడు. ఆయన పెద్దగా మాట్లాడడు. నాది లైన్ పార్టీ. మన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకి అప్పటికి నాలుగున్నర నెలల కిందటే వెన్ను ఆపరేషన్ అయింది. నేను అడిగింది ఒకటే. "తమ్ముడూ, వెన్ను ఆపరేషన్ అయినవాడి వెనక ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని కూర్చోబెడితే నొప్పి తగ్గుతుందా? మీద పడేవాళ్లని ఆపేవాడు కావాలి గానీ."

కౌబాయ్స్‌ది 16వ పిక్. డిఫెన్స్ కుర్రాళ్లిద్దరిలో 13లో ఆరన్ డొనాల్డ్‌ని రామ్స్ టీమ్ ఎత్తుకెళ్లింది. 15లో రయన్ షేజియర్‌ని స్టీలర్స్ తీసుకున్నారు. తమిళాయన ముఖం రెండుసార్లు వాడిపోయింది. మాన్జెల్ మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. కెమెరా వాణ్ణి వదలడం లేదు. నీళ్లు తాగితే చూపిస్తారు, ఫోన్ చూసుకుంటే చూపిస్తారు. గడియారం తిరుగుతోంది. మా కావలి కుర్రాడు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే నాకూ గుండె దడగానే ఉంది, ఎందుకంటే జెర్రీ జోన్స్‌కి సినిమా హీరోల్లాంటి ఆటగాళ్లంటే ఎంత మోజో ఊరందరికీ తెలుసు.

కమిషనర్ వచ్చి చదివాడు: జాక్ మార్టిన్, నోటర్‌డామ్.

పక్క బిల్డింగ్ బాల్కనీలోంచి ఎవరో తిట్టారు, ఆ తిట్టు ఇక్కడ రాయలేను. మావాడు "లైన్‌మనా? లైన్‌మన్ ఏంటన్నా?" అని నన్నే అడుగుతున్నాడు, నేనేదో వెళ్లి చెప్పొచ్చినట్టు. మా మేనేజరు మాత్రం తాపీగా లేచి, రోమో ఇంకో రెండేళ్లు బతుకుతాడని చెప్పి పులిహోర పెట్టించుకున్నాడు. జెర్రీకి మనసంతా మాన్జెల్ మీదే ఉందనీ, కొడుకు స్టీఫెన్, మిగతావాళ్లు కలిసి ఆపారనీ తర్వాత జెర్రీయే బయట చెప్పుకున్నాడు. మాన్జెల్‌ని 22లో బ్రౌన్స్ తీసుకున్నారు. స్టేజీ మీద వేళ్లతో డబ్బులు లెక్కపెట్టే సైగ చేశాడు. రెండు సీజన్లు ఆడి లీగ్‌లోంచే వెళ్లిపోయాడు.

మార్టిన్ సంగతి చూడండి. మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కి తొమ్మిదిసార్లు ఎంపిక, ఏడాది మొత్తంలో మేటి జట్టు అనే ఫస్ట్ టీమ్ ఆల్-ప్రోలో ఏడుసార్లు. 2025లో రిటైర్ అయ్యేసరికి కెరీర్ మొత్తంలో అతని మీద పడిన హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం) పెనాల్టీలు అతని ప్రో బౌల్ ఎంపికల కంటే తక్కువ. పెళ్లి భోజనాల్లో ఉప్పు ఎక్కువైతేనే కదా వంటవాడెవరని అడుగుతారు, లైన్‌మన్ బతుకూ అంతే. పదకొండేళ్లు ఆడిన మార్టిన్ పేరు మన తెలుగు పార్టీల్లో నేను తప్ప ఎవరూ ఎత్తగా వినలేదు. మనవాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్ అంటే సూపర్ బౌల్ రోజు యాడ్స్, చికెన్ వింగ్స్. అది వేరే బాధ.

ఇప్పుడు రుజువు కావాలంటారు. 2014లో ఆ లైన్ వెనక రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) డిమార్కో మరే 1845 యార్డులు పరుగెత్తాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మూడేళ్లుగా ఎనిమిది గెలుపులు, ఎనిమిది ఓటముల దగ్గరే ఆగిన టీమ్ 12-4 అయింది. మరుసటి ఏడాది మరే ఎక్కువ డబ్బుకి ఫిలడెల్ఫియా వెళ్లాడు, అక్కడ 702. మన దగ్గర అతని చోట్లో డారెన్ మెక్‌ఫాడెన్‌ని పెడితే, అందరూ పనైపోయిందనుకున్న మనిషి 1089 కొట్టాడు. మనిషి మారాడు, లైన్ మారలేదు. ఇంతకంటే ఏం కావాలి? ఇది తెలిసి కూడా 2016లో నాలుగో పిక్ పెట్టి రన్నింగ్ బ్యాక్ ఎజీకియల్ ఎలియట్‌ని తీసుకున్నారు. మొదటి ఏడాదే 1631 యార్డులతో లీగ్‌లో టాప్ అయ్యాడు కదా అంటారు. అయ్యాడు. ఎవరి వెనక పరుగెత్తి?

ఇక అభిమానుల మాటకు విలువుందా అంటే, టీమ్ వాళ్లకు మాత్రం అంతా తెలుసా అని నేను ఎదురు అడుగుతాను. అదే 2016లో క్వార్టర్‌బ్యాక్ కోసం మొదట పాక్స్‌టన్ లించ్ మీద మనసు పడ్డారు, డెన్వర్ ముందుకొచ్చి లాక్కుపోయింది. తర్వాత కానర్ కుక్, అతన్ని రెయిడర్స్ 100వ పిక్‌లో పట్టుకున్నారు. చివరికి డ్రాఫ్ట్ మూడో రోజు శనివారం, నాలుగో రౌండ్‌లో, 135వ నంబరు దగ్గర డాక్ ప్రెస్కాట్‌ని తీసుకున్నారు. ఆ ముగ్గురిలో నిలబడ్డవాడు డాక్ ఒక్కడే. మరుసటి ఏడాది 28వ పిక్‌లో టాకో చార్ల్‌టన్ అనే అబ్బాయి. రెండు పిక్‌ల తర్వాత, ఆ తర్వాత పెద్ద స్టారైన డిఫెన్స్ ఆటగాడు టీజే వాట్ స్టీలర్స్‌కి వెళ్లాడు. వాట్ గురించి అందరూ ఇప్పటికీ ఏడుస్తారు. నేను ఆ రాత్రి అడిగింది మాత్రం రయన్ రామ్‌చిక్ అనే టాకిల్‌ని (లైన్ చివర నిలబడేవాణ్ణి), 32లో సెయింట్స్ తీసుకున్నారు, 2019లో ఆల్-ప్రో అయ్యాడు. ఈ సంగతి చెబితే మా ఆవిడ కూడా నమ్మదు. సాక్ష్యం కావాలంటే మా కావలి కుర్రాణ్ణి అడగండి.

నాకు ఒళ్లు మండేది, ఎవరు ఎవర్ని తీసుకుంటారో జోస్యం చెప్పే ఆ మాక్ డ్రాఫ్ట్‌ల వాళ్లంటే. సూపర్ బౌల్ అయిన మర్నాటి నుంచి వారానికొక లిస్టు వదులుతారు, చివరి వారం మొత్తం మార్చేస్తారు, ఒక్కటీ నిజం కాకపోయినా వచ్చే ఏడాది మళ్లీ అదే కుర్చీలో కూర్చుంటారు. రెండోది డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే ఆ నలభై యార్డుల పరుగు పరీక్ష. నిక్కర్లు వేసుకుని, ఎదురుగా ఎవరూ లేకుండా సూటిగా పరుగెత్తితే ఆటగాడి విలువ తెలుస్తుందట! 2025లో 12వ పిక్‌లో అలబామా గార్డ్ (లైన్ లోపలివైపు ఆడేవాడు) టైలర్ బుకర్‌ని తీసుకున్నప్పుడు మా ఆఫీసులో మొదట వినిపించిన ఎగతాళి అదే, పరుగు మరీ నెమ్మదని. గార్డ్ ఎక్కడికి పరుగెత్తాలండీ? విసిరిన బంతిని పట్టుకునే రిసీవర్‌ని తీసుకోలేదని గోల పెట్టినవాళ్లు, రెండు వారాలు తిరక్కుండానే స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్ ట్రేడ్‌లో వచ్చేసరికి చప్పుడు చెయ్యలేదు. రిసీవర్‌ని ఎవరి దగ్గర్నుంచైనా తెచ్చుకోవచ్చు. మంచి గార్డ్‌ని ఎవడూ అమ్మడు. మరి డ్రాఫ్ట్‌లోనే దొరికిన మన స్టార్ రిసీవర్ సీడీ ల్యాంబ్ సంగతేమిటని అడగబోతున్నారా? 2020లో 17 దాకా అతను మిగలడం లాటరీ. లాటరీని నమ్ముకుని టీమ్ నడపలేం.

ఈసారి ఆఫీసులో చర్చ వచ్చినప్పుడు ఎవరి పేరూ చెప్పకండి. బాగా గట్టిగా మాట్లాడే ఆయన్ని పట్టుకుని, మొదటి రౌండ్ సరే, మూడో రౌండ్‌లో ఏ టాకిల్ బాగుంటాడో చెప్పమనండి. జవాబు వచ్చిందంటే ఆయనతో స్నేహం చేసుకోండి, సీజన్ టికెట్లు ఉండే రకం. రాకపోతే మీ లంచ్ మీరు ప్రశాంతంగా తినొచ్చు. శనివారం పొద్దున మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా నాలుగో రౌండ్ నుంచి టీవీ ముందు కూర్చోండి. మా ఇంటికొచ్చినా సరే, కావలి తమ్ముడు ఇప్పటికీ మెరూన్ టోపీ పెట్టుకునే వస్తాడు.